తోడాల్సిన నీళ్లు పోసిన రోజు

నేలమాళిగలోంచి నీళ్లు తోడేటప్పుడు లోపల మట్టం ఎంత తగ్గిందని అందరూ చూస్తారు. ఆ నీళ్లు బయట ఎక్కడ పడుతున్నాయో, పడినచోట అడుగున ఏం మిగులుతోందో చూసేవాళ్లు తక్కువ. ఈ మధ్య ఉద్యోగాల్లో చేరిన మన సివిల్ ఇంజినీరు పిల్లలు కొందరు ఆదివారాలు మా ఇంటికి వస్తుంటారు. "ఆంటీ, మీ సర్వీసులో మర్చిపోలేని ప్రాజెక్ట్ ఏది?" అని అడుగుతారు. నా నోటి నుంచి ఏ ఆకాశహర్మ్యం పేరో, ఏ సొరంగం పేరో వస్తుందని ఎదురుచూస్తారు. నేను ఒక జంట ఇంటి సంగతి చెబుతాను. అందులో మేం కొత్తగా కట్టిందేమీ లేదు. ఉన్నది కూలకుండా ఆపాం, అంతే.

సింగపూర్‌కి నేను వచ్చింది మా ఆయన వెంట. కంప్యూటర్ల రోజులవి. ఇండియా నుంచి వచ్చే ప్రతి విమానంలోనూ ప్రోగ్రామర్లే దిగుతున్నట్టుండేది. బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్ హాల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు, ఇల్లు దొరికేదాకా అంటూ, పరుపు వేసుకుని ఉండేవారు. పుట్టినరోజు భోజనాలకు వెళితే ఆడవాళ్లు కూడా చీరల మాట పక్కనపెట్టి, ఏ కోర్సు చేస్తే ఎక్కడి నుంచి పిలుపులొస్తున్నాయో మాట్లాడుకునేవారు. నా వంతు వచ్చేసరికి ఒకటే ప్రశ్న.

"ఇంకా సివిలేనా?"

ఆ జబ్బు ఇంకా తగ్గలేదా అన్నట్టుండేది అడిగే తీరు. మా ఆయన నన్నూ ఒక శనివారం క్లాసులో చేర్పించాడు. "ఇందులో హాయి ఏమిటంటే, తప్పు చేస్తే చెరిపేసి మళ్లీ రాయొచ్చు" అని అక్కడి మాస్టారు మురిసిపోతూ చెప్పాడు. అది విని అందరికీ ఉత్సాహం వచ్చింది, నాకు తప్ప. కొన్ని వారాలు తిరిగి మానేశాను. టోవా పాయోలో టైర్ల కొట్టు పైన ఉన్న ఒక చిన్న కంపెనీలో ఇంజినీరుగా చేరాను. పునాదులు కుంగినా, గోడలు బీటలిచ్చినా, బేస్‌మెంట్లలో నీరు ఊరినా బాగుచేయడం మా పని. తెలుగువాళ్ల విందుల్లో గొప్పగా చెప్పుకోదగ్గ ఉద్యోగం కాదు.

మా బాస్ చైనీస్ ఆయన. మాటల్లో సగం తిట్లు ఉండేవి, మిగతా సగం ఇక్కడివాళ్లు ప్రతి మాట చివరా తగిలించే 'లా'. మనిషి మాత్రం చెడ్డవాడు కాదు. ఫోర్‌మన్ మన తెలుగాయనే. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి, రేవులో పనికి కుదిరిన కుటుంబం వాళ్లది. ఆయన పుట్టిందీ పెరిగిందీ సింగపూర్‌లోనే. ఆయన తెలుగులో శ్రీకాకుళం యాస, అరవం, మలయ్ మాటలు కలగలిసి ఉండేవి. రోజూ పొద్దున్నే "ఏటమ్మా, మకాన్ అయిందా?" అని పలకరించేవాడు. తిన్నావా అని అడగడమన్నమాట. నేను ఆయన్ని అంకుల్ అనేదాన్ని. ఆయనకు పని మీద ఎంత అభిమానమో, తన మాట మీదా అంతే.

కంప్యూటర్లన్నీ ఒక్క రాత్రిలో ఆగిపోతాయని లోకమంతా భయపడిన ఆ జనవరి ఒకటో తారీఖు ఏమీ జరగకుండా గడిచిపోయింది. ఆ వెంటనే, ఇక్కడ డిసెంబరు, జనవరుల్లో ఉండే వానాకాలం ఇంకా తీరకముందే, ఈ పని మాకు వచ్చింది.

ఇల్లు ఒక కొండవాలులో ఉంది. ఒకే ఉమ్మడి గోడకు అటొకటి ఇటొకటి అతుక్కుని ఉండే జంట ఇళ్లు. ఒక సగం పాతది. లోతులేని పాతకాలపు పునాది మీద అలాగే నిలబడి ఉంది. అందులో ఒక చైనీస్ ముసలావిడ, కాలేజీలో చదువుతున్న మనవరాలు ఉండేవారు. రెండో సగాన్ని కొన్నేళ్ల కిందట పడగొట్టి, కింద బేస్‌మెంటుతో సహా కొత్తగా కట్టారు. దాని యజమాని మన తెలుగాయన, తెలంగాణ మనిషి. భార్యాపిల్లలు అప్పుడు ఇండియా వెళ్లి ఉన్నారు. సింగపూర్ పౌరసత్వం తీసుకుని చాలాకాలమైంది. మంచి ఉద్యోగం వదిలేసి సొంత సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ ఉన్నది ఆ బేస్‌మెంట్‌లోనే. ఓడల్లో సరుకు లెక్కలు చూసే ప్రోగ్రాం ఏదో తయారుచేస్తున్నారు. తంజోంగ్ పగార్ రేవు నుంచి ఓ పెద్ద ఓడల కంపెనీ వాళ్లు సోమవారం చూడటానికి వస్తున్నారు. వాళ్లకు నచ్చితే కంపెనీ నిలుస్తుంది. నచ్చకపోతే ఏమవుతుందో అతను చెప్పలేదు గానీ, ముఖం చూస్తే తెలిసేది.

బేస్‌మెంట్‌లో గోడా నేలా కలిసే మూలల్లోంచి నీళ్లు ఊరుతున్నాయి. మేం వెళ్లేసరికి కార్పెట్ తడిసి వాసనేస్తోంది. కంప్యూటర్లన్నిటినీ బల్లల మీదికి ఎత్తి, నలుగురు కుర్రాళ్లు కాళ్లు కుర్చీల మీద పెట్టుకుని టకటకా కీబోర్డులు కొడుతున్నారు.

ఇలాంటి చోట్ల మా పద్ధతి ఒకటుండేది. ముందు నేల మధ్యలో చిన్న రంధ్రం తొలిచి, కింద చేరిన నీటిని పంపుతో బయటికి లాగుతాం. ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు బీటల్లోకి మందు ఎక్కిస్తే అది నురగలా పొంగి గట్టిపడి దారులన్నీ మూసేస్తుంది. ఎన్నో ఇళ్లలో పనిచేసిన పద్ధతే. కింద ఎలాంటి మట్టి ఉందో ముందు పరీక్ష చేయిద్దామని నేను అడిగాను.

"హౌస్ జాబ్ ఓన్లీ లా!" అన్నాడు బాస్. "రిపోర్టు వచ్చేసరికి ఆయన కంప్యూటర్లు ఈత కొడుతుంటాయి."

రంధ్రం వేశారు. నీళ్లు ఎగిసి వచ్చాయి. రెండు పంపులు పెట్టి, గొట్టాలు మెట్ల మీదుగా రోడ్డు పక్క కాలవలోకి వదిలారు. మర్నాటికల్లా బేస్‌మెంట్ నేల పొడిబారింది. ఇంటాయన అంకుల్ భుజం తట్టి, "సూపర్ అన్నా" అన్నాడు. అంకుల్ ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు.

వాన మాత్రం ఆగలేదు. శుక్రవారమంతా కురిసింది. శనివారం పొద్దున కూడా కొండ పైనుంచి నీళ్లు రోడ్డు మీద పలకల్లా జారి వస్తున్నాయి. మధ్యాహ్నం కాసేపు జోరు తగ్గినప్పుడు గొట్టాలు సరిగా ఉన్నాయో లేదో చూద్దామని కాలవ దగ్గరికి వెళ్లాను. మా గొట్టాల నోటి కింద నీళ్లలో ఏదో తెల్లగా మెత్తగా కుప్ప పడి ఉంది. వంగి చేత్తో తీశాను. ఇసుక. బియ్యప్పిండి అంత సన్నటి ఇసుక.

రోడ్డు మీద నుంచి కొట్టుకొచ్చిందేమోనని కాలవ వెంట ఎగువకు నడిచాను. అక్కడ ఆకులు, మట్టి తప్ప ఇలాంటిది లేదు. ఇంకా అనుమానంతో గొట్టం నోటి దగ్గరే గాజు సీసాలో నీళ్లు పట్టి మెట్టు మీద పెట్టాను. చూస్తుండగానే అడుగున తెల్లటి పొర దిగింది. మొదటి రోజు ఆ నీళ్లు తేటగా వచ్చాయి, నాకు బాగా గుర్తు. ఇప్పుడు మేం నీళ్లు తోడటం లేదు. ఏదో ఇంటి కింది నేలను తోడుతున్నాం. ఏ ఇంటి కిందిదో తెలియాలి.

పని మొదలుపెట్టేముందు ఉమ్మడి గోడ మీద, పక్కింట్లో కూడా, పాత బీటల మీద అడ్డంగా సన్నటి గాజు ముక్కలు అతికించాం. గోడ కదిలితే గాజు విరుగుతుంది. చవకైన పరికరం, అబద్ధం చెప్పదు. నేను తడిసిన బూట్లు గుమ్మంలో విడిచి పక్కింటి తలుపు తట్టాను.

మనవరాలు తలుపు తీసింది. విషయం అడగకముందే, "వంటింటి తలుపు పొద్దున్నుంచి పడటం లేదు. అమ్మమ్మ నన్ను తిడుతోంది, నేను గట్టిగా లాగానని" అంది ఇంగ్లీషులో.

వంటింట్లో ముసలావిడ పీట మీద కూర్చుని ఆకుకూర వలుస్తోంది. నన్ను చూసి నవ్వింది. గోడ దగ్గరికి వెళ్లి చూశాను. ఒక గాజు ముక్క బాగానే ఉంది. రెండోదాని మీద వెంట్రుక లాంటి గీత కనిపించింది. నిజంగా గీతేనా, వెలుగు పడి అలా కనిపిస్తోందా అని ముఖం దగ్గరగా పెట్టాను. నా కళ్ల ముందే 'టిక్' మంది. చిన్న చప్పుడు. ముసలావిడ తల కూడా ఎత్తలేదు. గాజు రెండు ముక్కలై, మధ్యలో గోరు పట్టేంత సందు కనిపించింది.

మనవరాలితో, "అమ్మమ్మని తీసుకుని ఇప్పుడే బయటికి రా. గొడుగు తప్ప ఏమీ వద్దు" అన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసి వెంటనే కదిలింది. ముసలావిడ మాత్రం ఆకుకూర బుట్ట వదల్లేదు. దాన్ని చంకన పెట్టుకునే బయటికి వచ్చింది.

నేను బేస్‌మెంట్‌లోకి పరిగెత్తాను.

"అంకుల్, ఇసుక వస్తోంది. పక్కింటి పునాది కిందది. గాజు విరిగింది."

"వానకి కొంచెం వస్తది అమ్మా. మందు ఎక్కిస్తే ఆగిపోద్ది."

"మందు ఎక్కించేదాకా ఆ గోడ ఆగదు."

"అయితే పంపు ఆపీమంటావా?"

అక్కడే ఉంది చిక్కు. మెట్ల మీద నుంచి దిగుతున్నంతసేపూ నా తలలో తిరుగుతున్నది అదే. పంపు ఆపితే నీళ్లు రావడం ఆగదు. బయటి నేలలో నీరు ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తు వరకూ గది నిండేదాకా, ఆ రంధ్రంలోంచి ఉబికి వస్తూనే ఉంటుంది, ఇసుకను మోసుకుంటూ. పోనీ రంధ్రానికి బిరడా కొడితే ఒత్తిడంతా బేస్‌మెంట్ నేల మీద పడుతుంది. దాన్ని కట్టినవాళ్లు పల్చగా వేశారు. అది అప్పడంలా లేచి పగిలితే ఒక్క రంధ్రం కాస్తా వంద అవుతాయి. ఇక మిగిలింది ఒక్కటే దారి. కింది నుంచి నీళ్లు వచ్చేలోపు పైనుంచి మనమే పోసి గది నింపేయాలి. లోపలి నీరూ బయటి నీరూ ఒకే ఎత్తున నిలిస్తే ఎటు నుంచి ఎటూ పారదు. నీరు పారకపోతే ఇసుక కదలదు.

అదే చెప్పాను. పంపులు తిప్పి పెడదాం, రోడ్డు కాలవలో నీళ్లు లాగి ఇక్కడ పోద్దాం అన్నాను.

అంకుల్ నన్ను ఎగాదిగా చూశాడు. "ఇన్నేళ్ల సర్వీసులో నీళ్లు తోడమన్నోళ్లనే చూశానమ్మా. పొయ్యమన్న ఇంజినీర్ని ఇయ్యాలే చూస్తున్నా."

కంప్యూటర్ ముందు కూర్చున్న ఇంటాయన మా మాటలు విని లేచాడు.

"ఏం మాట్లాడుతున్నరు మేడమ్? నీళ్లు తియ్యనీకి పిలిచిన మిమ్మల్ని. పొయ్యనీకి కాదు."

"పక్కింటి గోడ కదులుతోందండీ. మీ గోడా అదే."

"సోమవారం దాకా ఆగుండ్రి. రెండు దినాలు. తర్వాత మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండ్రి."

"రెండు గంటలు కూడా ఆగుతుందో లేదో నేను చెప్పలేను."

"చెప్పలేరు గదా! అంటే మీకు గూడ పక్కా తెల్వదు."

ఆ మాట నిజమే. నాకు పక్కాగా తెలియదు. మా పనిలో పక్కాగా తెలిసేది గోడ కూలిన తర్వాతే. అదే అన్నాను అతనితో. అతను మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. కుర్రాళ్లు టైపు చేయడం ఆపేసి మమ్మల్నే చూస్తున్నారు. పంపులు మాత్రం గుర్రుమంటూ పనిచేస్తూనే ఉన్నాయి. అవి తిరుగుతున్న ప్రతి క్షణం గోడ అవతల ఏం జరుగుతోందో నాకు వినిపిస్తున్నట్టే ఉంది.

బాస్‌కి ఫోన్ చేశాను. ఆయన ఏదో పని మీద మలేషియాలోని జోహోర్ వెళ్లి, తిరుగు దారిలో వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాడు. నేను చెప్పిందంతా విని, "డోంట్ డూ ఎనీథింగ్. నేను వచ్చేదాకా ఏమీ ముట్టుకోకు" అన్నాడు.

"ఏమీ చేయకపోవడమంటే పంపు నడవనివ్వడమే బాస్."

లైను కట్టయింది. ఆయన పెట్టేశాడో, సిగ్నల్ పోయిందో ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు.

ఫోన్ జేబులో పెట్టుకుని చూసేసరికి అంకుల్ కనిపించలేదు. నా మాట నమ్మక స్వయంగా చూడటానికి పక్కింటికి వెళ్లాడు. తిరిగి వచ్చి, ఇంటాయన్ని పక్కకు జరిపి కిందికి దిగాడు. సరాసరి పంపుల దగ్గరికి వెళ్లి స్విచ్చిలు కట్టేసి, గొట్టాలు విప్పడం మొదలుపెట్టాడు.

ఆ నిశ్శబ్దంలో రంధ్రంలోంచి నీళ్లు గుడగుడమని పైకి వచ్చాయి. అందరం విన్నాం.

"అన్నా!" అన్నాడు ఇంటాయన. అది కోపంతో అరిచినట్టు లేదు. పడిపోతున్నవాడు పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందా అన్నట్టుంది.

"తంబీ," అన్నాడు అంకుల్, వంగిన నడుం ఎత్తకుండానే, "ఆ ముసలమ్మ గోడలో నా వేలు దూరిపోయింది. నీ పెట్టెలన్నీ పైకి తీయించు. మేం కూడా పడతాం."

ముందు కదిలింది కుర్రాళ్లలో ఒకడు. ప్లగ్గు పీకాడు. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. మా పనివాళ్లు ఇద్దరు, కుర్రాళ్లు నలుగురు, నేను మెట్ల మీద వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ పెట్టెలు పైకి పంపాం. ఇంటాయన తన పెద్ద సర్వర్‌ను ఎవరికీ ఇవ్వలేదు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో గుండెకు ఆనించుకుని తనే మోసుకెళ్లాడు. నేను కింది అంతస్తుకు కరెంటు కట్టేయించాను. బల్లలు, కార్పెట్లు, అద్దాల గదులు, గోడకు బిగించిన బోర్డులు అలాగే ఉండిపోయాయి. వాటికి వ్యవధి లేదు.

అంకుల్ పంపులు రెండూ రోడ్డు మీదికి తెచ్చాడు. కాలవ అంచుల దాకా నిండి పరుగెడుతోంది. పీల్చే గొట్టాలు అందులో వేసి, వదిలే గొట్టాలు మెట్ల మీదుగా బేస్‌మెంట్‌లోకి దింపాడు. ఇంటి కప్పు మీది వాన నీళ్ల గొట్టాన్ని కూడా రంపంతో కోసి లోపలికే మళ్లించాడు. ఎర్రటి బురదనీరు మెట్ల మీద పడి కిందికి దూకింది. పూర్తిగా తడిసిన ఇంటాయన చేతులు వేలాడేసుకుని చూస్తూ నిలబడ్డాడు. తన డబ్బుతో పిలిపించుకున్నవాళ్లే తన ఇంట్లోకి కాలవను మళ్లిస్తుంటే చూడటం ఎలా ఉంటుందో నేను ఊహించగలను. అతని వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు.

నేను ముసలావిడ వంటింటి కిటికీ బయటే నిలబడి, లోపలికి చెయ్యి చాచి కొత్త గాజు ముక్కను బీట మీద అతికించాను. వాన మళ్లీ ఊపందుకుంది. కాసేపటికి ఆ గాజు కూడా విరిగింది. మరొకటి పెట్టాను. అదీ విరిగింది. కిందికి పరిగెత్తి చూస్తే నీళ్లు మోకాలి దాకా వచ్చాయి. ఇంకా చాలదు. కుర్చీలు తేలుతూ ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయి. మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చి మూడో గాజు పెట్టాను. పొరపాటు పడ్డానేమో అన్న ఆలోచన అప్పుడు వచ్చింది. గోడ ఎలాగూ పోతుంది, ఇతని కంపెనీ కూడా ముంచేశానేమో. ఆ ఆలోచనతో నిలబడ్డ ఆ కాసేపు నా ఉద్యోగ జీవితంలోకెల్లా పొడుగాటిది.

నీళ్లు నడుము దాటాయని అంకుల్ కేక వేసి చెప్పాడు. గాజు అలాగే ఉంది. ఛాతీ దాకా వచ్చాయన్నాడు. అలాగే ఉంది. వాన వెలిసి ఆకాశం తెల్లబడింది. గాజు అలాగే ఉంది.

అప్పుడు వచ్చాడు బాస్. కారు అడ్డదిడ్డంగా ఆపి దిగాడు. కాలవలో పంపులు, మెట్ల మీద గొట్టాలు, నిండిన బేస్‌మెంట్, అన్నీ చూశాడు.

"హూ ఆస్క్ యూ?"

"ఎవరూ చెప్పలేదు బాస్. నేనే."

ఆయన కిటికీ దగ్గరికి వెళ్లాడు. విరిగిన గాజులు, విరగని గాజు చూశాడు. జేబులో చేతులు పెట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. మళ్లీ విరుగుతుందేమోనని ఎదురుచూస్తున్నాడని నాకు అర్థమైంది. చాలాసేపటికి తిరిగి వచ్చి, కారెక్కి వెళ్లిపోయాడు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. కాసేపటికి సంచుల నిండా కాఫీలతో వచ్చి, అందరికీ తన చేత్తో పంచాడు. నాది ఇస్తూ, "నెక్స్ట్ టైం, ఫోన్ మళ్లీ చెయ్యాలి లా" అన్నాడు. ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

ఆదివారం మా కన్సల్టెంట్ ఇంజినీరు వచ్చి చూశాడు. వంటింటి వైపు ఎవరూ వెళ్లకూడదని చెప్పి తాడు కట్టించాడు. ముసలావిడనీ మనవరాలినీ చుట్టాల ఫ్లాట్‌కి పంపాం. సోమవారం పొద్దున, ఓడల కంపెనీ వాళ్లు రావాల్సిన వేళకు, మేం నిండిన బేస్‌మెంట్‌లో చెక్క తెప్ప లాంటిది కట్టుకుని దాని మీద నిలబడి ఉన్నాం. నీటిమట్టానికి పైన, ఉమ్మడి గోడకు ఒక గుండ్రటి రంధ్రం కోస్తున్నాం. గోడ వెనక నేల ఎంత పోయిందో తెలియాలి కదా. ఇంటాయన వాళ్లకు ఫోన్ చేసి రావద్దని చెప్పేశాడు. నిక్కరు వేసుకుని మెట్ల మీద నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. శనివారం నుంచి నాతో మాట్లాడలేదు. పొమ్మనీ అనలేదు.

కోసిన కాంక్రీటు ముక్క బయటికి వచ్చింది. దాని వెనక మట్టి ఉండాలి. లేదు. టార్చి వేసి చూశాను. చీకటి గుహ. పైన ముసలావిడ వంటింటి నేల అడుగు భాగం, దానికి వేలాడుతున్న ఎండిన వేళ్లు. పాత కాంక్రీటు పలక ఒకటి, కింద ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలబడి ఉంది.

"చూడండి" అని ఇంటాయన్ని పిలిచాను. అతను నీళ్లలో నడుచుకుంటూ వచ్చి కన్ను ఆనించాడు. అలా చూస్తూ ఉండగానే పైనుంచి చప్పుడు వినిపించింది.

టపక్. టపక్. టపక్.

రబ్బరు చెప్పుల చప్పుడు. ఆ పలక మీదే, నెమ్మదిగా, అటు నుంచి ఇటు. సన్నగా ఇసుక రాలి టార్చి వెలుగులో మెరిసింది.

ముందు తేరుకున్నది ఇంటాయనే. నీళ్లు చిమ్ముకుంటూ మెట్లెక్కి పరుగెత్తాడు. నేను తెప్ప దిగి వెనకాలే వెళ్లేసరికి, అతను తాడు కింద నుంచి దూరి వంటింటి గడప దగ్గర ఆగి ఉన్నాడు. ముసలావిడ గోడ మీది దేవుడి పటం ముందు అగరొత్తులు పట్టుకుని నిలబడి ఉంది. వంటింటి దేవుణ్ని చైనీస్ కొత్త సంవత్సరం పండగ ముందు వదిలేసి ఉండలేక, మనవరాలికి చెప్పకుండా బస్సెక్కి వచ్చేసింది.

అతను లోపలికి అడుగు పెట్టబోయాడు.

"వద్దు!" అన్నాను వెనక నుంచి. "మీ బరువు కూడా పడకూడదు. ఆవిడనే గోడ వెంట రమ్మనండి."

ఇన్నేళ్లు ఒకే గోడకు ఇటూ అటూ ఉన్నా, వాళ్లిద్దరూ మాట్లాడుకోవడానికి ఒక భాష అంటూ లేదు. అతను చెయ్యి చాచాడు. "ఆంటీ," అన్నాడు, చాలా మెల్లగా. "కమ్ ఆంటీ. స్లోలీ. కమ్."

ఆవిడ అతని తడి బట్టలు, చాచిన చెయ్యి చూసింది. ముందు అగరొత్తులు గుచ్చి, దండం పెట్టుకుంది. అంతసేపూ అతని చెయ్యి అలాగే గాలిలో ఉంది. అప్పుడు ఆవిడ గోడ పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. వేళ్లు అందగానే అతను లాగలేదు. గడప దాటేదాకా ఆవిడ నడకే నడిచాడు.

రోడ్డు మీదికి వచ్చాక ఆవిడ గబగబా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అతను బెదిరిపోయి నా వైపు చూశాడు. వాళ్ల భాష కొంత తెలిసిన అంకుల్ విని, నెత్తి కొట్టుకున్నాడు.

"దేవుడికి టీ పెడదామని కెటిల్ పొయ్యి మీద పెట్టిందట. గ్యాస్ మండుతానే ఉందట!"

అదృష్టం కొద్దీ గ్యాస్ సిలిండర్ పెరట్లో, ఇంటి బయట ఉంది. అంకుల్ గోడ చుట్టూ తిరిగి వెళ్లి కట్టేసి వచ్చాడు. మేం ముగ్గురం నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయాం. ముసలావిడ మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూసింది.

ఆ గుహను సిమెంటు పాలతో నింపాలి. దానికి వంటింటి నేలకు రంధ్రాలు వేయడం తేలిక. బేస్‌మెంట్ వైపు నుంచి అయితే ఇంటాయన కొత్త గోడంతా తూట్లు పొడవాలి. కన్సల్టెంట్ ఆ రెండు దారులూ చెబుతుంటే అతను మధ్యలోనే అడ్డుకున్నాడు.

"ఎన్ని బొక్కలు కావాల్నో అన్నీ మా గోడకే వెయ్యండ్రి. ఆమె కిచెన్‌ల ఒక్కటి గూడ వద్దు."

అలాగే చేశాం. నీళ్లను తర్వాత, వానలు తగ్గాక, కొద్దికొద్దిగా దించాం. పునాది కింద నేల గట్టిపడ్డాకే కారుతున్న మూలల పని ముగించాం. ఓడల కంపెనీ వాళ్లు నెల తర్వాత వచ్చి, అతని హాల్లో కూర్చుని ప్రోగ్రాం చూశారు, కొనలేదు. అతని కంపెనీ ఇంకొన్నాళ్లు నడిచి, డాట్‌కామ్‌లన్నీ కూలినప్పుడు వాటితోపాటే పోయింది. దానికి నీళ్లు కారణం కాదని నాతో చెప్పింది అతనే. చెప్పకపోయినా నేను అడిగేదాన్ని కాదు. పిల్లలూ, మీకు చెప్పదలచుకున్నది ఇంతే: మీ దగ్గరికి వచ్చే మనిషి ఒక్క ఇంటి గురించే మాట్లాడతాడు. గోడకు అవతలి వైపు కూడా వెళ్లి చూసి రండి.

చైనీస్ కొత్త సంవత్సరానికి ముసలావిడ ఇల్లు చేరింది. పండగ రోజు మా అందర్నీ భోజనానికి పిలిచింది. ఇండియా నుంచి తిరిగొచ్చిన భార్యాపిల్లలతో ఇంటాయన కూడా వచ్చాడు. వంటకాలు అందుకోవడానికి వంటింట్లోకి రమ్మని ఆవిడ సైగ చేసింది. అందరూ వెళ్లారు. నేను గడప దగ్గర ఆగిపోయాను. కింద ఏముందో, ఎంత నింపామో, ఎలా పరీక్షించామో అన్నీ నాకు తెలుసు. అయినా కాలు కదల్లేదు.

అంకుల్ చూసి, చేతిలో గిన్నెతో వెనక్కి వచ్చాడు.

"ఏటమ్మా, నువ్వే నమ్మకపోతే ఎలా?"

అడుగు వేశాను.